నాగభూషణం అంచు ఏ కంపెనీకీ పోలేదు

ధర్మవరంలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంది. సాఫ్ట్‌వేర్‌ని ఫోన్ చేసి యాక్టివేట్ చేయిస్తే కంప్యూటర్‌లో ఉన్న చీరల డిజైన్లన్నీ కంపెనీవాడికి వెళ్ళిపోతాయని, పూర్వం ఒక డిజైనర్‌కి అలాగే జరిగిందని. పోయిన నెల రైల్లో నా పక్కన కూర్చున్న ఒక సర్వీస్ ఇంజనీరు ఈ కథ నాకే చెప్పాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడట. చీరల ఊరిలో పని చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని వాళ్ళ సీనియర్లు చెప్పారట.

 హిందూపురం స్టేషన్‌లో దిగేసరికి ఇది రాయాలని నిర్ణయించుకున్నాను. ఆ కథ పుట్టించింది నేను. అది అబద్ధం.

నాకిప్పుడు యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళు కంప్యూటర్లు అమర్చి, అమ్మి, బాగుచేసి, పోయిన ఏడు దుకాణం మూసేశాను. ఎన్ని అమ్మానో, ఏ బోర్డు పెట్టుకున్నానో ఎవరికీ అక్కర్లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు పనికొస్తాయనుకున్నవి రెండు మూడే ఉన్నాయి. అవి చెబుతాను.

గోల్ఫ్ ఆడే పట్టుగూళ్ళ వ్యాపారి

తొంభైల మధ్యలో నేను హిందూపురంలో టీవీలు బాగుచేస్తూ, గురుమూర్తన్న పెట్టిన కంప్యూటర్ దుకాణంలో చేరాను. అప్పట్లో మా దగ్గర కంప్యూటర్ కొనేవాళ్ళు ఎక్కువగా పట్టుగూళ్ళ మార్కెట్ వ్యాపారులు, చిన్న ఫ్యాక్టరీల వాళ్ళు. సాఫ్ట్‌వేర్ డబ్బాలో ఒక కార్డు వచ్చేది. పేరు, చిరునామా, ఫోన్, చేసే పని, వయసు, ఇంట్లో ఎంతమంది, ఖాళీ సమయంలో ఏం చేస్తారు, ఇలా సగం పేజీ ప్రశ్నలు. నింపి పోస్ట్ చేస్తే అది రిజిస్ట్రేషన్.

"వాళ్ళనేమీ అడగొద్దు రామాంజీ," అన్నాడు గురుమూర్తన్న మొదటి రోజే. "అడిగితే భయపడి డబ్బా వెనక్కిస్తారు. నువ్వే నింపి పోస్ట్ డబ్బాలో వెయ్."

నేను అలాగే చేశాను. బిల్లు పుస్తకంలో ఉన్న పేరు, చిరునామా రాసేవాణ్ణి. మిగతా ప్రశ్నలకు ప్రతి వరసలో మొదటి గడిలో టిక్కు పెట్టేవాణ్ణి. ఒక రోజు ఒక పట్టుగూళ్ళ వ్యాపారి చేతిలో నిగనిగలాడే పుస్తకం పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"ఏమప్పా, ఈ గోల్ఫ్ అంటే ఏంది?"

"కర్రతో బంతిని కొడతారన్నా. దొరల ఆట."

"అది నాకెందుకు పంపిస్తాండారు? నెలలో ఇది మూడోది. నువ్వు గోల్ఫ్ ఆడతావంట గదా అని మార్కెట్లో అందరూ నగుతాండారు. గూళ్ళు తూకం ఏసుకునేదానికే టైము లేదు నాకు!"

ఖాళీ సమయం వరసలో మొదటి గడి గోల్ఫ్. మేమూ పడీపడీ నవ్వాము. చాలా ఏళ్ళ తర్వాతగానీ నాకు అర్థం కాలేదు. అందులో నవ్వాల్సింది కొంచెమే. ఆయనను అడగకుండా ఆయన ఇల్లు ఎక్కడుందో ఎవరికో రాసి పంపింది కంపెనీ కాదు, నేను. కంపెనీ అక్కర్లేనివన్నీ అడిగింది, నిజమే. ఆ కార్డులో సగం ప్రశ్నలు అడగడానికి వాళ్ళకు ఏ హక్కూ లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ జవాబు ఇవ్వకుండా వదిలేసే హక్కు ఆ వ్యాపారికి ఉంది. దాన్ని నేను ఆయన చేతికి ఇవ్వనే లేదు.

గురుమూర్తన్న మంచి పనివాడు. చెవితో విని ఏ ఫ్యాను అరిగిందో చెప్పేవాడు. మనుషుల విషయంలో మాత్రం ఆయన నేర్పినవి నేను ఒక్కొక్కటే వదిలించుకోవాల్సి వచ్చింది.

పెనుకొండ హెడ్‌మాస్టర్

తర్వాత నేను సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. పెనుకొండలో కుళ్ళాయప్ప సారని రిటైరైన హెడ్‌మాస్టర్ నా దగ్గర కంప్యూటర్ తీసుకున్నారు. అమర్చి, ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే ఇంగ్లీషులో ఒప్పందం తెర మీదికి వచ్చింది. నేను అలవాటుగా 'అంగీకరిస్తున్నాను' మీద నొక్కబోయాను.

"ఆగప్పా. ఏం రాసిండాడో సూడనీ."

"అది ఎవరూ చదవరు సార్."

"నువ్వు చదవవు. నేను ఇంకా అంగీకరించలే."

ఆయన నిఘంటువు దగ్గర పెట్టుకుని, అర్థం కాని మాటలు నోట్‌బుక్‌లో రాసుకుంటూ చదివారు. నేను తిరిగి హిందూపురం వచ్చేశాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "చదివినా. ఇప్పుడు వచ్చి నొక్కు," అన్నారు. ఈ సంగతి నేను చాలాకాలం జోకుగా చెప్పుకుని తిరిగాను.

యాభైకి పైగా అంకెలు

ధర్మవరంలో నాగభూషణన్న చీరలకు అంచులు, కొంగులు గీసేవాడు. ముందు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు వేసేవాడు. ఆ తర్వాత కంప్యూటర్‌లో గీసి, దాని ప్రకారం మగ్గానికి కట్టే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టించడం మొదలుపెట్టాడు. ఆయన గీసిన బొమ్మే ఆయన బతుకు. మగ్గాలు నడిపే షావుకారు ఒక అంచు గీయించుకుంటే అది ఆయన మగ్గాల మీద తప్ప మరెక్కడా కనబడకూడదు. ఈ మాట కాగితం మీద ఎక్కడా ఉండదు. అయినా ధర్మవరంలో డిజైనర్ పేరు నిలబడేది దాని మీదే.

రెండు వేల సంవత్సరం దాటాక యాక్టివేషన్ అనే కొత్త పద్ధతి వచ్చింది. అప్పటిదాకా ఒకే సీడీని పది ఇళ్ళలో ఎక్కించేవాళ్ళం. అది ఆపడానికి కంపెనీ ఒక పని చేసింది. కంప్యూటర్ యాభైకి పైగా అంకెలు తెర మీద చూపిస్తుంది. వాటిని ఫోన్‌లో చదివి వినిపించాలి. అవతలివాళ్ళు ఇంకో వరస అంకెలు చెబుతారు. అవి కొడితేనే సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. నాగభూషణన్న నిజాయితీగా అసలు సీడీ కొన్న కొద్దిమందిలో ఒకడు.

ఒక వానాకాలం పిడుగు పడి ఆయన కంప్యూటర్‌లో మదర్‌బోర్డు కాలిపోయింది. పెట్టెను హిందూపురం తెచ్చి, కొత్త బోర్డు వేశాను. అంతకుముందే ఆయన బొమ్మలన్నీ మా దుకాణంలో ఉన్న ఒక హార్డ్‌డిస్క్‌లోకి నకలు తీసిపెట్టుకున్నాను. పని మధ్యలో ఏమైనా అయితే ఆయన కష్టం పోకూడదని. మంచి అలవాటే అది. పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ఇంట్లోనే ఆన్ చేస్తే, బోర్డు మారింది కాబట్టి, యాక్టివేషన్ మళ్ళీ అడిగింది.

"పోయినేడే ఇచ్చింటిమి గదా. మళ్లా ఎందుకు అడుగుతాది?" అన్నాడు నాగభూషణన్న.

"అంతేనన్నా. అడిగింది ఇచ్చేస్తే ఊరకుంటుంది."

నేను ఫోన్ పట్టుకుని అంకెలు చదవడం మొదలుపెట్టాను. ఆయన భార్య ఆదిలక్ష్మక్క టీ తెచ్చి నిలబడింది.

"యాడికప్పా ఫోను? ఒక ఊరి నంబరు ఇంత పొడుగుంటాదా?"

"ఊరికి కాదక్కా, కంపెనీకి."

నాగభూషణన్న తెరకేసి అనుమానంగా చూస్తూ, "రామాంజీ, ఆ అంకెల్లో నా బొమ్మలేమన్నా పోతాండాయా?" అని అడిగాడు.

నాకు తెలియదు. అప్పటికి ఆ అంకెలు ఏమిటో నేను ఒక్కసారి కూడా తెలుసుకోలేదు. అయినా, "ఏమీ పోవన్నా," అన్నాను ధైర్యంగా. తెలియనిది తెలిసినట్టు చెప్పడం మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద జబ్బు. చెప్పింది నిజమే అయినా సరే, అది జబ్బే.

షావుకారు ముందు

రెండు నెలలు గడిచాయి. నాగభూషణన్న ఒక షావుకారుకు గీసి ఇచ్చిన అంచు, రుద్రాక్షల వరస మధ్య మెడ వెనక్కి తిప్పిన హంస, ఇంకో షావుకారు మగ్గాల మీద కనబడింది. రంగులు వేరు. బొమ్మ అదే. రెండు చోట్ల అమ్ముకున్నాడని ఊరంతా అన్నారు. నాగభూషణన్న నాకు ఫోన్ చేశాడు. 

"ఆ పొద్దు ఫోన్లో సదివితివే, దాంట్లోనే పోయిండాయి గదా?"

నేను రెండు నెలల కిందట ఏమీ పోవని చెప్పినవాణ్ణి. ఇప్పుడు, "పోయుండొచ్చన్నా, ఈ కంపెనీలను నమ్మలేం," అన్నాను. ఆయన ఆ కొస పట్టుకున్నాడు. నన్ను పిలిపించుకుని, మొదట ఆ అంచు గీయించుకున్న షావుకారు దగ్గరికి సాక్షిగా తీసుకుపోయాడు. నేను అక్కడ కూర్చుని, ఈ సాఫ్ట్‌వేర్లు ఇంట్లో ఉన్నదంతా దొంగతనంగా పంపించేస్తాయని, తెలిసినవాడిలా పావుగంట ఉపన్యాసం ఇచ్చాను.

షావుకారు అంతా విని, "సరేప్పా. ఏడు సముద్రాల అవతల ఉండే కంపెనీవోడు ఈ హంసను తీసుకొనిపోయి, మళ్లా మన ధర్మవరంలోనే నేయించినాడా? వానికి వేరే ఊరు దొరకలేదా?" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాగభూషణన్న తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ షావుకారు ఆయనకు పని ఇవ్వలేదు. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు మానేశారు. నాగభూషణన్న ఫోన్ వైరు పీకేసి, కంప్యూటర్‌కు దుప్పటి కప్పేసి, మళ్ళీ గ్రాఫ్ కాగితం ముందు కూర్చున్నాడు. దొరికినవారికల్లా యాక్టివేషన్ గురించి చెప్పేవాడు. కొందరు నమ్మేవాళ్ళు. ఆయన్ను దొంగ అనుకోవడం ఇష్టంలేనివాళ్ళంతా ఆ కథను నమ్మారు.

డి డ్రైవ్

ఇంకో నాలుగైదు నెలలకు ధర్మవరంలోనే వేరే వీధిలో ఉన్న ఒక డిజైన్ల దుకాణం నుంచి వైరస్ వచ్చిందని కబురొచ్చింది. ఆ కంప్యూటర్ నేను అమ్మిందే. అప్పట్లో మేమంతా హార్డ్‌డిస్క్‌ను రెండు భాగాలు చేసేవాళ్ళం. సాఫ్ట్‌వేర్‌కు సి డ్రైవ్, సొంత ఫైళ్ళకు డి డ్రైవ్. నేను డి డ్రైవ్ తెరిచాను. అందులో నాగభూషణన్న పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. ఆ పేరు పెట్టింది నేనే. ఆయన బొమ్మలు నకలు తీసిన రోజున.

దుకాణంలో ఖాళీగా ఉందని ఆ హార్డ్‌డిస్క్‌నే ఈ పెట్టెలో బిగించాను. సి డ్రైవ్ తుడిచి కొత్తగా ఎక్కించాను. డి డ్రైవ్ సంగతి మరిచిపోయాను.

"ఈ బొమ్మలు యాడివన్నా?" అని అడిగాను. 

"నువ్వు పెట్టిచ్చినవే గదప్పా," అన్నాడు ఆ దుకాణం ఆయన, ఏ కల్మషం లేకుండా. "పాటలు, గేములు ఊరికే వేసిస్తారు గదా, డిజైన్ల అంగడి అని ఇవి గూడా వేసిచ్చిండావు అనుకుంటిమి. ఆ హంస శానా బాగుండె. దాన్నే మొదట వాడుకొని ఒక షావుకారుకు ఇస్తిమి."

ఆయన దొంగ కాడు. మేము కంప్యూటర్ కొన్నవాళ్ళందరికీ పాటలు, ఆటలు నింపి ఇచ్చేవాళ్ళం. అడగకుండా, అవి ఎవరివో ఆలోచించకుండా. ఆయన మా పద్ధతిని అర్థం చేసుకున్నాడు, అంతే.

నేనేం చేశానో రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఆ ఫోల్డర్ చెరిపేశాను. వైరస్ అందులోనే ఉందన్నాను. రైలెక్కి ఇంటికి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మూడు ఊళ్ళలో ఒక్కరు కూడా నా చేతికి పెట్టె ఇవ్వరని భయం. ఏడాదిన్నర అలాగే గడిచింది. ధర్మవరం వెళ్ళినప్పుడల్లా నాగభూషణన్న వీధి తప్పించుకుని తిరిగాను.

ధర్మవరం రైలు

ఆ భయాన్ని వదిలించింది కుళ్ళాయప్ప సారు. ఒక రోజు ఆయన పెట్టె పాడైతే, పెనుకొండ వెళ్ళి విప్పి చూసి, హిందూపురం తీసుకుపోతానన్నాను. ఆయన పెట్టె మీద చెయ్యి వేసి పట్టుకున్నారు.

"దీంట్లో మా ఇంటి ఉత్తరాలుండాయి. పెన్షన్ కాయితాలుండాయి. నేను రాసుకునేవి ఉండాయి. నువ్వు తీసుకొనిపోయి తిరిగిచ్చినాక, నీ తావ ఏం మిగుల్తాది?"

"ఏమీ మిగలదు సార్."

"నోటి మాట వద్దప్పా. కంపెనీవోడు నా గురించి ఏం తీసుకుంటాడో ఇరవై పేజీలు రాసిచ్చినాడు. మంచో చెడో, చదువుకుంటి. నా ఇంట్లోకొచ్చి నా పెట్టె విప్పే నువ్వు ఒక్క లైనన్నా రాసిచ్చినావా?"

నేను ఒక కాగితం తీసుకుని, ఏమేం నకలు తీస్తానో, పని అయ్యాక ఆయన కళ్ళముందే చెరిపేస్తానని రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. మందలించను కూడా లేదు. పెట్టె చంకన పెట్టుకుని స్టేషన్‌కు వచ్చాను. హిందూపురం వెళ్ళే రైలుకు ఇంకా టైముంది. ధర్మవరం వైపు వెళ్ళే రైలు అప్పుడే వచ్చి ఆగింది. ఎక్కేశాను.

నాగభూషణన్న నేల మీద కూర్చుని గ్రాఫ్ కాగితంలో ఎర్ర గడులు నింపుతున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన కుంచె కిందపెట్టాడు.

"నీకు తెలిసి ఎన్నాళ్లాయ?"

"ఏడాదిన్నర."

లోపలి నుంచి ఆదిలక్ష్మక్క వచ్చింది. "ఏడాదిన్నరా? ఈయప్ప ఫోన్ వైరు పీకి పారేసె. మా చెల్లెలితో మాట్లాడల్లంటే రెండేండ్లుగా ఫోన్ బూతుకాడ వరసలో నిలబడతాండా నేను. నువ్వు హాయిగా తిరుగుతాండావు! అన్నం ఎట్ల దిగినాదప్పా నీకు?"

దిగలేదక్కా అందామనుకున్నాను. కానీ అదీ నిజం కాదు. బాగానే తిన్నాను.

నాగభూషణన్న లేచి చొక్కా వేసుకున్నాడు. "నాకు చెప్తే ఏమొస్తాది? నేను దొంగను గాదని నాకు తెలుసు. రా, షావుకారుకు చెప్పు."

షావుకారు గద్దె మీద ఉన్నాడు. ఎదురుగా నలుగురు కూర్చుని చీరలు చూస్తున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. నాగభూషణన్న తల అడ్డంగా ఊపాడు. చెప్పాను. హార్డ్‌డిస్క్, డి డ్రైవ్, చెరిపేయడం, అంతకుముందు ఇదే చోట చెప్పిన అబద్ధం, అన్నీ.  

షావుకారు చివరికి, "ఇట్ల చెప్పుకుంటే నీ వ్యాపారం పోతాది గదప్పా?" అన్నాడు.

"ఆయనది ఇదివరకే పోయింది గదా అన్నా, నా వల్ల."

షావుకారు క్షమాపణ అడిగే మనిషి కాడు. నాగభూషణన్న వైపు చూడకుండా, చేతిలోని చీర మడత సరిచేస్తూ, "పెండ్లిండ్లకు ఒక కొంగు కావాల. తీరికుంటే రేపొచ్చి సూడు," అన్నాడు. బయటికి వచ్చాక నాగభూషణన్న పంచె కొసతో ముఖం తుడుచుకున్నాడు. 

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

ఆ తర్వాత నేను చేయాల్సిన పని ఆలస్యంగా చేశాను. యాక్టివేషన్ అంటే ఏమిటో చదివి తెలుసుకున్నాను. ఆ అంకెల్లో ఉండేది సాఫ్ట్‌వేర్ నంబరు, ఆ పెట్టెలోని భాగాల గుర్తు. యాభై అంకెల్లో హంస కన్ను కూడా పట్టదు. పేరు, ఊరు అడిగేది రిజిస్ట్రేషన్. అది చాలావరకు మన ఇష్టం, వద్దంటే వదిలేయొచ్చు. ఈ రెండింటినీ కలిపేసి జనాన్ని భయపెట్టింది మాలాంటివాళ్ళమే. దీనర్థం కంపెనీలు అమాయకమైనవని కాదు. ఇప్పుడు నెట్‌లో ఎవరు ఎంత లాగుతున్నారో చూస్తే ఆనాటి కార్డు చిన్నపిల్లల ఆటలా ఉంది. అడగండి, చదవండి, అక్కర్లేనిది ఇవ్వకండి. కానీ దూరంగా ఉన్న కంపెనీని అనుమానించేటప్పుడు, పెట్టె విప్పుతున్న మన చేతుల్ని కూడా అనుమానించుకోవాలి.

కుళ్ళాయప్ప సారు రాయించిన కాగితాన్ని నేను అచ్చు వేయించాను. దుకాణం మూసేదాకా ఏ పెట్టె వచ్చినా అది రాసిచ్చాను. నకలు చెరిపేటప్పుడు వాళ్ళనే మీట నొక్కమనేవాణ్ణి. మొదట్లో జనం విసుక్కున్నారు. తర్వాత తర్వాత వాళ్ళే అడగడం మొదలుపెట్టారు. "కాయితం యాడప్పా?" అని ఒక ముసలాయన నన్ను గద్దించిన రోజు నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇప్పటి పిల్లలు మాకంటే చాలా నయం. అడుగుతారు. అడిగేవాళ్ళ మధ్య పనివాడు చెడిపోవడం కష్టం.

షావుకారు అన్నట్టే వ్యాపారం కొంత పోయింది. ధర్మవరంలో కొన్ని నెలలు నన్నెవరూ పిలవలేదు. మొదట పిలిచింది, ఎవరూ అనుకోని విధంగా, నాగభూషణన్న. తన కంప్యూటర్ బాగుచేయించుకున్నాక, పక్కింట్లో ఉన్న ఇంకో డిజైనర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈయనేనా నీ బొమ్మలు పోగొట్టినాయన?" అని అడిగాడు.

"ఈయనే," అన్నాడు నాగభూషణన్న. "పోగొట్టేవోళ్ళు శానామంది ఉంటారప్పా. వచ్చి చెప్పినోడు నాకు ఈయనొక్కడే తెలుసు. నీ పెట్టె యాడుండాదో సూపించు."